ఎఱ్ఱచందనము పుట్టినిల్లు

హైదరాబాదు నగరములో జూబిలీహిల్సు చెంతనే కృష్ణానగర్ అను పేట కలదు. చలనచిత్ర పరిశ్రమను నమ్ముకొని బ్రతుకువారు, అనగా చిన్న వేషములు వేయువారు, దీపములు మోయువారు, వడ్రంగులు, రంగులు పూయువారు, దుస్తులు కుట్టువారు అచ్చట విరివిగ నివసింతురు. తెలుగు జిల్లాలు దాటి ఎవ్వరును అంతగ ఎఱుగని ఒక అడవిచెట్టు పేరును ఇటీవల దేశమంతట పలికించినది ఈ పరిశ్రమయే. 2021 డిసెంబరులో విడుదలైన "పుష్ప" చిత్రమును చూచిన పిదప ఎఱ్ఱచందనమనిన ఏమో ఉత్తరదేశపు పిల్లలకు సైతము తెలిసినది. అయితే ఆ చిత్రములోని అరణ్య దృశ్యములలో అధికభాగము నాటి తూర్పుగోదావరి జిల్లా మన్యములోని మారేడుమిల్లి పరిసరములలో తీయబడినవి. తెరమీద కనిపించు దుంగలు కళాశాఖవారు కల్పించినవి. ఇందు తప్పుపట్టవలసినది ఏమియు లేదు. చిత్రనిర్మాతలకు కావలసినది చూపునకు నిండుగనుండు అడవి. కాని గ్రామవాసులు తెలిసికొనవలసిన విషయమొకటి ఇచ్చటనే ఉన్నది. మారేడుమిల్లి కొండలు తేమగలవి, దట్టమైనవి. ఎఱ్ఱచందనము అచ్చట తనంతట తాను మొలవదు. దాని పుట్టినిల్లు అచ్చటికి నైరుతి దిశగ సుమారు 500 కిలోమీటర్ల దూరమున, రాళ్లు తేలిన ఎండుకొండలలో ఉన్నది. ప్రపంచములో మఱెచ్చటను లేదు.

ఎఱ్ఱచందనమునకు రక్తచందనమనియు పేరు కలదు. పేరులో చందనమున్నను ఇది శ్రీగంధపుచెట్టునకు చుట్టము కాదు. శ్రీగంధమునకు సువాసన కలదు; దీనికి లేదు. కంది, పెసర, వేరుశెనగ ఏ కుటుంబమునకు చెందినవో ఎఱ్ఱచందనమును ఆ కుటుంబమునకే చెందినది. మన అడవులలోని వేగిసచెట్టు దీనికి దగ్గఱి బంధువు. రెండింటిని పోల్చుకొనుట కష్టము కాదు. ఎఱ్ఱచందనపు రెమ్మకు సాధారణముగ మూడేసి ఆకులుండును. వేగిసకు అంతకంటె ఎక్కువ. ఎఱ్ఱచందనపు బెరడు నల్లగ ఉండి, మొసలి వీపువలె నలుపలకల బిళ్లలుగ పగిలియుండును. గాటు పెట్టినచో ఎఱ్ఱని జిగురు స్రవించును. వేసవి ప్రవేశమున పసుపుపచ్చని పూవులు పూచును. కాయ బిళ్లవలె పలుచగనుండి, చుట్టును రెక్క కలిగి, నడుమ ఒక్క గింజ, అరుదుగ రెండు గింజలు కలిగియుండును. కొండమీద ఇది మహావృక్షము కాదు, మధ్యరకపు చెట్టు. చేవ మాత్రము అసాధారణము. బాగుగ ఎండిన చేవకర్ర సయితము నీటిలో వేసినచో మునుగును.

ఇక దాని నివాసము. శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, వానిని ఆనుకొనియున్న నల్లమల దక్షిణపు అంచులు, ఇంతియే దాని రాజ్యము. 2022కు పూర్వమున్న జిల్లాల లెక్కన చెప్పవలెనన్న, కడప, చిత్తూరు జిల్లాలు దానికి నడియిల్లు. నెల్లూరు, ప్రకాశము, కర్నూలు జిల్లాలు దాని వాకిళ్లు. పొరుగు రాష్ట్రములలో సరిహద్దు కొండలమీద కొలదిపాటి చెట్లు కలవు. రాజంపేట, రైల్వేకోడూరు, సిద్ధవటము, బద్వేలు, రాపూరు, ఉదయగిరి ప్రాంతముల రైతులకు ఇది పెరటి వెనుక కొండమీద చెట్టు. అమెరికా, చైనా, జపాను దేశములవారికి కావలెనన్నను అది ఈ కొండలనుండియో, ఈ కొండల విత్తనముతో వేసిన తోటలనుండియో పోవలసినదే.

ఇంత చిన్న చోటికే ఈ చెట్టు ఏల పరిమితమైనదను ప్రశ్న కలుగుట సహజము. దీనికి ఒక్క మాటలో సమాధానము లేదు. ఈ కొండలు పలుగురాతి జాతి గట్టిరాయితోను, పలకరాతితోను ఏర్పడినవి. వాలు నేల, వాన కురిసినంతనే నీరు జారిపోవును. ఎఱ్ఱచందనపు వేరు నిలువనీటిని సహింపదు. ఇచ్చటి వాన నైరుతి ఋతుపవనమునుండి కొంత, ఈశాన్య ఋతుపవనమునుండి కొంత, రెండు విడతలుగ వచ్చును. నడుమనుండు ఎండ తీవ్రమైనది. సముద్రమట్టమునకు సుమారు 150 మీటర్లు మొదలు 900 మీటర్ల ఎత్తువఱకు ఈ చెట్టు కనిపించును. దానికి వెలుతురు కావలెను. పెద్దచెట్ల నీడలో దాని మొలక నిలువదు. కావుననే వానలు సమృద్ధిగ కురిసి, ఇతర వృక్షములు ఏపుగ పెరుగు చోట ఇది పోటీకి నిలువలేదు. ఇతర వృక్షములు భరింపలేని బండనేలమీద ఇది నిలిచినది. బలము గలచోటికి పోలేక, బలహీనులు రాలేనిచోట కాపురము పెట్టినదని చెప్పవచ్చును.

కాయకు రెక్కయున్నది కదా, గాలికి దూరము పోవచ్చును కదా యని అనుకొందురు. గాలి దానిని కొంతదూరమే కొనిపోవును. కొండల వరుస అంతమై నల్లరేగడి మైదానమో, వరిమడియో ఎదురైనచోట ఆ కాయ పడినను ప్రయోజనము లేదు. పైగా కాయ గట్టిది. అన్ని కాయలు మొలకెత్తవు; మొలచినవానిలో మొదటి వేసవి దాటునవి మఱియు తక్కువ. తోటలో నాటి, నీరుపోసి పెంచినచో ఈ చెట్టు ఇతర ప్రాంతములలోను బ్రతుకును, బ్రతుకుచున్నది కూడ. కాని మనుష్యుని చేయి లేకుండ తరతరములుగ తనకు తాను మొలచి, పెరిగి, కాచి, తిరిగి మొలచుట యనునది ఈ కొండలలోనే జరుగుచున్నది. వృక్షశాస్త్రజ్ఞులు సహజనివాసమని చెప్పునది దీనినే.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము మన ఊరి పొలిమేరలోనే కలదు. నాగజెముడును ఎఱుగనివారుండరు. బొమ్మజెముడు, ఆకుజెముడు మన దేశపు మొక్కలే. వానిని గిల్లినచో పాలు కారును. నాగజెముడునకు పాలు లేవు. అది వేఱు జాతి, అమెరికా ఖండమునుండి వచ్చిన జాతి. దానిమీద బ్రతుకు ఒకవిధమైన పురుగునుండి ఎఱ్ఱరంగు తీయవచ్చునని ఈస్టిండియా కంపెనీవారు ఆశపడిరి. ఆ కాలమున చెన్నపట్టణములో జేమ్స్ ఆండర్సన్ అను వైద్యుడు అందుకొఱకు జెముడుతోట వేయించెను. 1795లో బ్రెజిలునుండి పురుగు తేబడినది. కాని అది కోరిన పురుగు కాదు. మంచిరంగు ఈయని మఱియొక రకము. రంగు వ్యాపారము సాగలేదు. కంచెకని నాటిన నాగజెముడు మాత్రము దక్షిణాదిని పంటభూములను, పచ్చికబయళ్లను ఆక్రమించినది. చివరకు 1926లో సింహళమునుండి మఱియొక జాతి పురుగును తెప్పించి విడువగా, అది కొలది సంవత్సరములలో ఆ డొంకలను తినివేసినది. చూడుడు, ఎచ్చటినుండియో వచ్చిన జెముడు పిలువకుండనే జిల్లాలకు జిల్లాలు ఆక్రమించినది. ఇచ్చటనే పుట్టిన ఎఱ్ఱచందనము తన కొండ దిగలేదు. రెండింటి కథలోను ఎఱ్ఱరంగు మీద పరదేశముల మోజే కారణమగుట ఒక విచిత్రము.

జెముడుజాతి అంతయు నాగజెముడువంటిదే యనుకొనరాదు. ఆ జాతిలో సముద్రతీరపు చిన్నచోటును విడువలేక నశించుచున్నవియు ఉన్నవి. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమునకు దక్షిణమున చిన్న చిన్న దీవులు వరుసగ కలవు. వానిలో కీ లార్గో అను దీవిమీద, మడ అడవి నడుమనున్న ఒక రాతిమెరకమీద, స్తంభమువలె నిలువుగ పెరుగు ఒక జెముడు 1992లో కనుగొనబడినది. ఆ దేశమంతటిలో దానికి అదియొక్కటే స్థానము. సముద్రమట్టము ఏటేట పెరుగుటచే పోటునీరు ఆ మెరకను ముంచసాగినది. నేలలో ఉప్పు చేరినది. మంచినీరు దొరకని జంతువులు తడికొఱకు ఆ కాండములను కొఱికి తినినవి. 2017లో ఇర్మా అను తుపాను వచ్చి ఉప్పునీటిని మఱింత లోనికి తెచ్చినది. సుమారు 150 కాండములున్నచోట 2021 నాటికి ఆరు మిగిలినవి. శాస్త్రజ్ఞులు మిగిలిన భాగములను తీసికొనిపోయి గాజుటిండ్లలో పెంచుచున్నారు. 2023 నాటికి ఆ మెరకమీద అది లేకుండపోయినది. సముద్రము పెరుగుటచే ఆ దేశములో ఒక జాతి స్థానికముగ అంతరించుట ఇదియే ప్రథమమని 2024 జూలైలో వారు ప్రకటించిరి. క్యూబా ఉత్తరతీరమునను, బహామా దీవులలో కొన్నింటను ఆ జాతి ఇంకను ఉన్నది కనుక జాతి మొత్తము పోయినదనుటకు వీలులేదు. ఫ్లారిడాలో మాత్రము పోయినది.

ఈ దృష్టాంతము మన చెట్టునకు ఎట్లు వర్తించును? శేషాచలమునకు సముద్రపు భయము లేదు. అయినను లెక్క ఒకటియే. పది రాష్ట్రములలో వ్యాపించిన వేపచెట్టునకు ఒక జిల్లాలో చీడపట్టినను, అగ్ని సోకినను మిగిలినచోట్ల అది సురక్షితముగ నుండును. ఒక్క కొండల వరుసలో ఉన్న చెట్టునకు ఆ అవకాశము లేదు. అచ్చట కలుగు నష్టము ఆ జాతి మొత్తమునకు కలుగు నష్టము. ఎఱ్ఱచందనము లక్షల సంఖ్యలో ఉన్నదికదా, అది అంతరించుట ఎట్లని ప్రశ్నించువారు కలరు. ఎన్ని చెట్లున్నవని మాత్రమే వారు అడుగుచున్నారు. అవి ఎంత వయస్సు చెట్లు, ఏమి కాచుచున్నవి, ఎంత చోటులో ఉన్నవి యని కూడ అడుగవలయును.

ఆ కొండలలో ఎఱ్ఱచందనము ఒంటరిగ లేదు. పేరిత యను ఒక మొక్క కలదు. చూచుటకు పొట్టి ఈతచెట్టువలెనుండి, ఆడమొక్క, మగమొక్క వేఱువేఱుగనుండు ప్రాచీనజాతి అది. మద్రాసు అటవీశాఖలో ఉద్యోగియైన కర్నలు బెడ్డోము పేర శాస్త్రజ్ఞులు దానికి నామకరణము చేసిరి. దాని ఉనికియు తిరుమల, కడప కొండలకే పరిమితము. దాని అంతర్జాతీయ వ్యాపారము పూర్తిగ నిషిద్ధము. మగమొక్క కంకిని మందులకని కోసికొనిపోవుటచే దానికి చేటు కలిగినది. ఇక పక్షులలో కలివికోడి. 1848లో బ్లైత్ దొరచే వర్ణింపబడి, 1900 తరువాత ఎవ్వరికి కనబడక, నశించినదని అందఱు నిశ్చయించుకొన్న ఆ పక్షి 1986లో లంకమల పొదలలో తిరిగి కనిపించినది. దానికొఱకు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. తెలుగుగంగ కాలువ దారి మార్చబడినది. ఇట్టి జీవరాశిని గుర్తించియే 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయవనము, 2010లో శేషాచల జీవావరణ పరిరక్షణ మండలము ఏర్పాటు చేయబడినవి. ఈ మండలము వైశాల్యము సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు.

ఎఱ్ఱచందనపు ముప్పునకు మూలము దాని చేవ. ఆ చేవలో శాంటాలిన్ అను ఎఱ్ఱని వర్ణద్రవ్యము ఉన్నది. అది నీటిలో కరుగదు, సారాయములో కరుగును. రసాయన రంగులు రాకపూర్వము ఐరోపావారు బట్టల అద్దకమునకు ఈ కర్రను ఓడలలో తెప్పించుకొనెడివారు. మన ఇండ్లలో సానమీద అరగదీసి వాపులకు, చర్మవ్యాధులకు పట్టువేయుట తల్లులు ఎఱిగినదే. బొమ్మల కొలువులో పెట్టు ఎఱ్ఱకొయ్య దంపతుల బొమ్మలు దీనితో చేసినవే. ఈ వాడుకలవలన అడవికి కీడు కలుగలేదు. చైనాలో ధనవంతులు ఈ కర్రతో చేసిన గృహోపకరణములను కోరుట, జపానులో షమిసెన్ అను తంత్రీవాద్యమునకు దీని కర్రను శ్రేష్ఠముగ నెంచుట దీని ధరను ఆకాశమునకు ఎత్తినవి. చేవలో అలలవంటి నార యుండుట కొన్ని చెట్లకే కలదు. ఆ కర్రకు మఱింత విలువ. చెట్టును పైనుండి చూచినంతమాత్రమున లోన అల యున్నదో లేదో తెలియదు. కావున దొంగలు ఒక మంచి దుంగకొఱకు అనేక చెట్లను పడగొట్టుదురు.

వారు పడగొట్టునది ఏ చెట్టును? సన్ననిదానిని కాదు. నిటారుగ పెరిగి, లావైన మానై, చేవ ముదిరినదానినే. అట్టి చెట్టే విత్తనములనిచ్చు తల్లిచెట్టు. వెలుపలి తెల్లకర్రను అక్కడనే చెక్కి పారవేసి, ఎఱ్ఱని చేవను మాత్రము భుజములమీద మోయించి కొండ దింపుదురు. మిగిలిన మోటునుండి చిగుళ్లు వచ్చును. ఎఱ్ఱచందనమునకు ఆ గుణము కలదు. అందువలన కొన్నేండ్లకు ఆ చోటు పచ్చగనే కనిపించును. దారిన పోవువానికి అడవి ఉన్నట్లే తోచును. అయితే అచ్చటనున్నవి తొడలావు మాత్రపు మోటుచిగుళ్లు. వానిలో చేవ కట్టుటకు దశాబ్దములు పట్టును. ఆ లోపల ఎండుగడ్డికి నిప్పంటుకొని చిన్నమొలకలు మాడును. తలయెత్తిన కొమ్మను మేకలు కొఱుకును. ఇట్లు ఒక కొండలో మంచిచెట్లను తరములవారీగ ఏరి తీసికొనిపోయిన యెడల, మిగిలిన వంకరచెట్ల విత్తనమే తరువాతి అడవికి దిక్కగును. విత్తనపు కంకులను అమ్ముకొని, తాలుగింజలను విత్తుకొను రైతు ఎవ్వడైన ఉండునా? మన కొండమీద జరుగుచున్నది అదియే.

ఈ వ్యాపారములో లాభము ఎవరిదో, ప్రాణము ఎవరిదో గ్రామస్థులు చక్కగ గ్రహింపవలయును. కొండమీద గొడ్డలి పట్టువాడు కిలోకింతయని కూలి తీసికొనును. ఆ దుంగ ఓడ ఎక్కి విదేశమున దిగులోపల దాని వెల ఎన్ని రెట్లు పెరుగునో అతనికి తెలియదు. చెట్లు కొట్టుటలో నేర్పరులైన తమిళనాడు కొండప్రాంతపు పేదలను మధ్యవర్తులు ముందు సొమ్మిచ్చి, ఏ పనియో చెప్పక, తీసికొనివచ్చుచుండిరి. 2013 డిసెంబరులో శేషాచల అడవిలో కర్తవ్యపాలనలో ఉన్న ఇద్దఱు అటవీ ఉద్యోగులు దుంగల దొంగలచే చంపబడిరి. 2015 ఏప్రిల్ 7వ తేదీన అదే కొండలలో పోలీసుల కాల్పులలో 20 మంది కూలీలు మరణించిరి. ఆ ఘటనపై రెండు రాష్ట్రములలోను తీవ్రమైన చర్చ జరిగినది. న్యాయస్థానముల ముందుకు పోయినది. చనిపోయిన ఉద్యోగుల ఇండ్లలోను, కూలీల ఇండ్లలోను మిగిలినది ఏడ్పే. దుంగలను కొన్నవారి ఇండ్లలో మాత్రము ఎవ్వరును చనిపోలేదు. మన ఊళ్లలోని యువకులను దారి చూపుటకు, వాహనము నడుపుటకు, ఒక రాత్రి సరుకు దాచుటకు పిలుచువారు కలరు. ఒక రాత్రి కూలికి ఆశపడి సంవత్సరములతరబడి న్యాయస్థానముల చుట్టు తిరుగుచున్నవారు ఆ ప్రాంతపు ఊళ్లలో ఉన్నారు. దారి చూపినవానికిని చట్టము శిక్ష విధించును.

ఈ చెట్టును గూర్చి అంతర్జాతీయముగ జరిగిన ఏర్పాటులను క్లుప్తముగ చెప్పుదును. అపాయస్థితిలోనున్న జాతుల వ్యాపారమును నియమించు అంతర్జాతీయ ఒడంబడికలో 1995లో ఎఱ్ఱచందనము చేర్చబడినది. మన అడవిలోని చెట్టు కర్రను ఎగుమతి చేయరాదు. పట్టుబడిన దుంగలను ప్రభుత్వము వేలము వేయుట కలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2014లో ప్రపంచవ్యాప్తముగ కొనుగోలుదారులు పాల్గొను వేలమును నిర్వహించినది. ప్రకృతి పరిరక్షణకై ఏర్పడిన అంతర్జాతీయ సంఘమువారు తమ పట్టికలో దీనిని చాలకాలము అంతరించు ప్రమాదముగల జాతిగ చూపి, 2018లో ఒక మెట్టు దించి ప్రమాదమునకు సమీపమున ఉన్నదని మార్చి, కొలది సంవత్సరములకే తిరిగి మొదటి తరగతిలో చేర్చిరి. ఈ మార్పులను చూచి కొందఱు గందరగోళపడిరి. అడవి స్థితి మాత్రము ఆ కొలది యేండ్లలో బాగుపడినదనుటకు వీలులేదు. 2004 నుండి మన దేశపు ఎఱ్ఱచందన వ్యాపారముమీద ఆ ఒడంబడికవారు సాగించిన ప్రత్యేక పరిశీలన 2023 నవంబరులో ముగిసినది. తోటలలో పెంచిన చెట్లను అమ్ముకొను రైతులకు ఇందువలన కొంత సౌకర్యము కలిగినది.

రైతుకు ఇక్కడ న్యాయమైన మార్గము కలదు. పట్టాభూమిలో ఎఱ్ఱచందనము నాటుకొనుటకు ఆటంకము లేదు. పెంచిన చెట్టును కొట్టుటకు, కర్రను తరలించుటకు అటవీశాఖ అనుమతి తీసికొనవలయును. తన భూమిలోనే పెంచినదని ఋజువు ఉండవలయును. కావున నాటిన నాడే భూమి పత్రములలో, అటవీశాఖ కార్యాలయములో చెట్లసంఖ్యను నమోదు చేయించుకొనుట తెలివి. ఋజువులేని కర్ర దొంగకర్రగనే లెక్కింపబడును. ఇందులో ఇంకొక జాగ్రత్త చెప్పవలసియున్నది. ఎఱ్ఱచందనపు మొక్కలతో కూడిన చిన్న చిన్న స్థలములను, పది పన్నెండేండ్లలో కోట్లు వచ్చునని చెప్పి, పట్టణవాసులకు అమ్మువారు కొన్నేండ్లనుండి బయలుదేరిరి. చెట్టు లావగుట వేఱు, చేవ కట్టుట వేఱు. నీరుపెట్టి ఎరువువేసినచో కాండము త్వరగ లావగును. లోపలి ఎఱ్ఱచేవ మాత్రము తొందరపడదు. మంచిచేవకు పాతిక, ముప్పది, అంతకంటె ఎక్కువ సంవత్సరములు వేచియుండవలయును. మనుమలకొఱకు మామిడితోట వేయు ఓపికతో వేయదగిన చెట్టేగాని, అప్పుతెచ్చి వేయదగినది కాదు. రాతిగట్టు, వాలుమెట్ట, నీరు నిలువని ఎఱ్ఱగరుపనేల దీనికి అనుకూలము. వరిపండు నేలలో దీనిని వేయుట నేలను వ్యర్థపఱచుటయే.

తోటలు పెరిగినంతమాత్రమున అడవిచెట్టు రక్షింపబడునా? కొంతవఱకే. తోటకర్ర న్యాయముగ దొరకినచో దొంగకర్రకు గిరాకి తగ్గవచ్చును. కాని ఒక తోటలోని మొక్కలన్నియు తఱచుగ కొలది తల్లిచెట్ల విత్తనమునుండియే వచ్చును. కొండలో ఒక్కొక్క లోయలోని చెట్టు ఒక్కొక్కవిధముగ ఎండకు, చీడకు అలవాటుపడియుండును. ఆ వైవిధ్యము తోటలలో దొరకదు. కీ లార్గో జెముడును గాజుటింటిలో పెంచుచున్నారు. దానిని తిరిగి నాటుటకు తగిన మెరక ఆ తీరమున దొరకుట దుర్లభమని అచ్చటివారే చెప్పుచున్నారు. మన కొండలు ఇంకను నిలిచియున్నవి. కావున తల్లిచెట్లను ఉన్నచోటనే కాపాడుట సాధ్యము, చవుక కూడ.

కొండక్రింది గ్రామములవారు చేయదగిన పనులు పెద్దవి కావు. వేసవిలో కొత్తగడ్డి మొలచునని కొండకు నిప్పుపెట్టు అలవాటు కొన్నిచోట్ల కలదు. గడ్డి మొలచుమాట నిజమే. దానితోపాటు రెండేండ్ల ఎఱ్ఱచందనపు మొలకయు కాలును. వేరు బ్రతికి మరల చిగిర్చినను, ఏటేట కాలుచున్నచో ఆ మొలక ఎన్నటికిని చెట్టు కాజాలదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో అటవీశాఖవారు అగ్నిరేఖలు తీయునపుడు వన సంరక్షణ సమితులవారు తోడుపడుట మంచిది. చెట్లు నఱికి చిగుళ్లు వచ్చుచున్నచోట రెండు మూడేండ్లు మేకలను మళ్లింపక తప్పదు. మేకలు లేక గడవని కుటుంబములున్నవి. వారికి ఏ లోయ మూసియున్నదో, ఏది తెఱచియున్నదో ముందుగ చెప్పి, వంతులవారీగ మేపునట్లు పంచాయతీయే కట్టడి చేయవచ్చును. రాత్రివేళ కొత్తమనుష్యులు, కొత్తవాహనములు కొండదారిలో కనబడినచో స్వయముగ ఎదిరింపక, దగ్గఱి అటవీ కార్యాలయమునకో, పోలీసు ఠాణాకో కబురు పంపవలెను.

విత్తనము కావలసినవారు కొండకు పోయి కాయలు కోయరాదు. అటవీశాఖ నారుమళ్లలో మొక్కలు లభించును. తన తోటలోని చెట్టే కాచినచో, కాయలు చెట్టుమీద ఎండి గోధుమరంగు తిరిగిన పిదప కోసి, రెక్కలు కత్తిరించి, కొన్నిదినములు నీటిలోనో, పలుచని పేడనీటిలోనో నానవేసి, నడుమనడుమ ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో పరువవలయును. అన్నియు మొలవవు కనుక కావలసిన మొక్కలకు కొన్ని రెట్లు కాయలు వేసికొనుట మంచిది. మొలచిన నారును ఏడాదిపాటు సంచులలో పెంచి, తొలకరిలో నాటినచో వేరు నిలద్రొక్కుకొనును.